వనపర్తిలో గోడలు అలసిపోయిన సంగతి

ఎవరి కోసం

మొన్న వనపర్తి నుంచి ఇద్దరు పరిశోధక విద్యార్థులు గద్వాలలో మా ఇంటికి వచ్చారు. నేను ఫిజిక్స్ చెప్పిన డిగ్రీ కాలేజీలో, నా ఉద్యోగం చివరి పన్నెండేళ్లు గడిచిన ఆ చిన్న ల్యాబులో వాళ్లు కొత్తగా చేరారు. "సార్, మీ అనుభవాలు రాసియ్యండి. మాకు స్ఫూర్తిగ ఉంటది" అన్నారు.

స్ఫూర్తి కావలసినవాళ్లు కాలేజీ వార్షిక సంచిక చూసుకోవచ్చు. అందులో నా ఫొటో ఉంది, ఫొటోలో శాలువా ఉంది, ఫొటో కింద నేను సాధించినవాటి జాబితా ఉంది. ఆ జాబితాలో రెండోది అబద్ధం. అబద్ధమని నేను రాతపూర్వకంగా చెప్పిన తర్వాత కూడా అచ్చు వేశారు, శాలువా కప్పేటప్పుడు మైకులో చదివారు కూడా. ఆ రెండోదాని గురించే ఈ రాత.

నేను లెక్చరర్‌గా చేరిన రోజు నుంచి డైరీ రాస్తున్నాను. గొప్ప ఆలోచనలేవీ ఉండవు. బస్సు ఎన్నింటికి వచ్చింది, గదిలో ఎంత వేడి ఉంది, ఏ యంత్రం ఎందుకు ఆగింది, ఎవరు ఏమన్నారు, అంతే. కింద ఉన్న మాటలు చాలావరకు అందులోంచి ఎత్తిరాసినవే. నాకు అనుకూలంగా లేనివి కూడా ఎత్తిరాశాను, ఎందుకంటే అవే ఎక్కువ ఉన్నాయి.

గోడ అంటే

"పలచని లోహపు పొరల్లో గోడలు ఎట్లా నడుస్తాయో చూస్తాను" అని ఒక పెళ్లిలో చెప్పి తప్పు చేశాను. గట్టు మండలంలో వ్యవసాయం చేసే మా బావమరిది అందరి ముందూ అందుకున్నాడు.

"గోడలు నడుస్తయా బావ? మా కొట్టం గోడ పోయిన వానకు కనవడకుంట పోయింది. ఎటు నడిసిపోయిందో జర సూసిపెట్టు."

అప్పటి నుంచి చుట్టాల్లో నాకు మరో గుర్తింపు లేదు. మీకైనా సరిగా చెబుతాను.

గోటి అంత సిలికాన్ ముక్క మీద ప్లాటినం, కోబాల్ట్, మళ్లీ ప్లాటినం, మళ్లీ కోబాల్ట్ అని ఒకదాని మీద ఒకటి పొరలు పరుస్తారు. ఒక్కో కోబాల్ట్ పొర మందం కొన్ని అణువులంత. లోహం అంత పలచబడి, పక్కన ప్లాటినం ఉన్నప్పుడు, అందులోని అణు అయస్కాంతాలు పొరకు నిలువుగా నిలబడతాయి. ఒక ప్రాంతంలో అన్నీ పైకి చూస్తాయి, పక్క ప్రాంతంలో అన్నీ కిందికి. ఆ ప్రాంతాలను డొమైన్లు అంటారు. రెండు డొమైన్ల మధ్య సరిహద్దే డొమైన్ గోడ. ధ్రువిత కాంతిలో మైక్రోస్కోపు పెట్టి చూస్తే ఒకటి తెల్లగా, ఒకటి నల్లగా కనిపిస్తాయి. బయట నుంచి అయస్కాంత క్షేత్రం పెడితే తెల్లది నల్లదాన్ని ఆక్రమించుకుంటూ పోతుంది. గోడ నడిచిందంటే ఇదే.

నడక కూడా సాఫీగా ఉండదు. ధరూర్ వైపు ఎండిన మడిలోకి కాలువ నీళ్లు వదిలినప్పుడు నీటి అంచును చూడండి. ఒక మట్టిపెళ్ల దగ్గర ఆగుతుంది, పక్కన కొంచెం ముందుకు పోతుంది, ఉన్నట్టుండి పెళ్లను దాటి జానెడు పారుతుంది. పొరలో కూడా గోడకు అడుగడుగునా అలాంటి పెళ్లలుంటాయి. అణువుల వేడి కదలికే దాన్ని మెల్లగా దాటిస్తుంది. క్షేత్రం బలహీనంగా ఉన్నప్పుడు గోడ ఇలా ఆగి ఆగి పాకుతుంది. ఈ పాకుడు చాలా సున్నితమైన వ్యవహారం. క్షేత్రం పదోవంతు తగ్గితే వేగం సగానికి పడిపోవచ్చు.

ఈ చివరి వాక్యాన్ని నేను ఏటా బోర్డు మీద రాసి, కింద గీత గీసి, పిల్లల చేత రాయించాను. వాళ్లలో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

మహబూబ్ చుట్టిన కాయిల్

మా ల్యాబు హైదరాబాదులోని ఒక ప్రొఫెసర్ గారి ప్రాజెక్టు కింద వచ్చింది. ఆయన్ని అందరం పెద్దసారు అనేవాళ్లం. ఆయన ఎదుట కూడా అలాగే అనేవాళ్లం, ఆయన వద్దనలేదు. పొరలు ఆయన దగ్గర తయారయ్యేవి. గోడల వేగం కొలవడం వనపర్తిలో నా పని. వెనకబడిన జిల్లాలో పరిశోధన అని ప్రాజెక్టు కాగితాల్లో రాసుకున్నారు కాబట్టి నేను అవసరమయ్యాను.

అయస్కాంత క్షేత్రానికి కాయిల్ కావాలి. బయట చేయిస్తే ఏడాది పట్టేట్టుంది. గద్వాలలో బోరు మోటార్లు రీవైండింగ్ చేసే మహబూబ్ దగ్గరికి పోయాను.

"ఎన్ని చుట్లు సార్? ఏం గేజి?"

చెప్పాను.

"నీళ్లు ఎంత లోతుల నుంచి ఎక్కియ్యాలె?"

"నీళ్లు ఎక్కించదు మహబూబ్. అట్లా ఒకచోట కూర్చుని ఉంటుంది."

"సర్కారుదా?" అని అడిగి, సమాధానం కోసం ఆగకుండా తీగ అందుకున్నాడు.

ఆయన చుట్టిన కాయిల్ లాంటిది నేను హైదరాబాదులో కూడా చూడలేదు. ఒక చుట్టు మీద ఇంకో చుట్టు ఎక్కలేదు, ఎక్కడా ఎడం లేదు. లోపమంతా దానికి కరెంటు ఇచ్చే పవర్ సప్లైలో వచ్చింది. ఒక రోజు పొలాల మోటార్లకు త్రీ ఫేజ్ వదిలిన సమయంలో లైనులో ఏదో ఎగిసి, సప్లై మీద ఆంపియర్లు చూపించే మీటరు మాడిపోయింది. వోల్టులు చూపించేది బతికింది. నేను ఒక ఉదయం చల్లటి వేళ, అడిగి తెచ్చుకున్న పరికరంతో కొలిచి, ఇన్ని వోల్టులకు ఇంత క్షేత్రం అని పట్టిక రాసి సప్లై పెట్టెకు అతికించాను. కింద సంతకం కూడా చేశాను. పద్ధతి గల మనిషినని కాలేజీలో పేరుండేది.

ఆ తర్వాత అన్నేళ్లూ ఆ కాగితం చూసే పని చేశాను.

చూడవచ్చిన పెద్దలు

రెండో ఏడాది ప్రాజెక్టు ఎట్లా నడుస్తోందో చూడటానికి ఒక కమిటీ వచ్చింది. కాలేజీకి కొత్త తోరణాలు కట్టారు. తెర మీద గోడ పాకుతోంది. కమిటీ పెద్దమనిషి కాసేపు చూసి వాచీ చూసుకున్నారు.

"ఇంకా స్పీడుగా పోదా?"

"పోతుంది సార్, క్షేత్రం పెంచితే."

"పెంచండి మరి."

పెంచాను. రెప్పపాటులో తెరంతా తెల్లబడింది.

"ఏమైంది?"

"గోడ వెళ్లిపోయింది సార్."

"ఎక్కడికి?"

పొర అంచుకు, అని చెప్పాను. ఆయన పెద్దసారు వైపు తిరిగి, "జనానికి అర్థమయ్యేది ఏదైనా కనుక్కోండి" అన్నారు. పెద్దసారు ఆ సలహాను నిజంగానే తీసుకున్నారు. మా ల్యాబుకు పట్టిన చెడు అక్కడ మొదలైందని నా అభిప్రాయం. చూడవచ్చినవాళ్లకు విసుగు పుట్టకుండా ఉండటం కోసం కొలతలు తీసే ల్యాబు ఏదైనా ఎంతో కాలం శుభ్రంగా ఉండదు.

కనుక్కున్నాం

ఒకే పొర మీద, ఒకే క్షేత్రంలో, ఒకే గోడ వేగాన్ని పొద్దున్నుంచి సాయంత్రం దాకా మళ్లీ మళ్లీ కొలిచి సగటు తీయడం నా పద్ధతి. అలా చేస్తుంటే ఒక చిత్రం కనిపించింది. పొద్దున గోడ చురుగ్గా ఉంటుంది. పదకొండు దాటేసరికి నెమ్మదిస్తుంది. మధ్యాహ్న భోజనం తర్వాత కొంచెం తేరుకుంటుంది. సాయంత్రానికి మళ్లీ నీరసం. మర్నాడు పొద్దున మామూలే.

గ్రాఫు గీసి హైదరాబాదు పట్టుకుపోయాను. పెద్దసారు లేచి నిలబడి చూశారు.

"ఇవి అలసిపోతున్నాయండీ" అన్నారు.

హాస్యమనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు.

పేపరు తయారైంది. ఈ రకం పొరల్లో డొమైన్ గోడలు పదేపదే నడిపిస్తే అలసిపోతాయనీ, పొరల సరిహద్దుల్లో అణువులు సర్దుకోవడమే కారణమనీ, ముప్పావు గంట విశ్రాంతి ఇస్తే పాక్షికంగా కోలుకుంటాయనీ రాశాం. ఆ ముప్పావు గంటకు ఒక గుర్తు పెట్టి, సమీకరణంలో కూర్చోబెట్టి, పొరల గుణాల్లో ఒకటిగా పట్టికలో చేర్చాం.

ముప్పావు గంట అంటే నేను జొన్నరొట్టె, పప్పు తిని, డబ్బా కడిగి, స్టాఫ్ రూములో న్యూస్ పేపరు తిరగేసి వచ్చే సమయం.

అప్పుడు నాకు ఏమీ తెలియదని అనుకోకండి. ఆ నెల డైరీలో నాలుగుచోట్ల ఉంది: "కాయిల్ వేడి. చెయ్యి ఆనలేదు." ఒకచోట: "కాయిల్‌కు టేబుల్ ఫ్యాను పెట్టాను." రాగి తీగ వేడెక్కితే నిరోధం పెరుగుతుందనీ, వోల్టేజీ అంతే ఉంటే కరెంటు తగ్గుతుందనీ ఇంటర్ పిల్లలకు కూడా తెలుసు. కరెంటు తగ్గితే క్షేత్రం తగ్గుతుంది. క్షేత్రం పదోవంతు తగ్గితే ఏమవుతుందో బోర్డు మీద రాసినవాణ్ణి నేనే.

పేపరు పంపే ముందు ఒకసారి నోరు విప్పాను. "సార్, కాయిల్ కొద్దిగా వేడెక్కుతోంది" అన్నాను.

"మన గోడ కాయిల్లో లేదు కదండీ, పొరలో ఉంది" అన్నారాయన. గదిలో ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. మర్నాడు ఫోను చేసి, రచయితల్లో నా పేరు రెండోది ఉంటుందని చెప్పారు. ఆ తర్వాత కాయిల్ మాట నేను ఎత్తలేదు.

సలోమి ఉపవాసం

పేపరు వచ్చిన రెండేళ్లకు సలోమి చేరింది. నాగర్‌కర్నూల్ దగ్గర పల్లె. అమ్మానాన్నలు పనుల కోసం ఏడాదిలో ఎనిమిది నెలలు వేరే ఊళ్లలో ఉంటే, ఆమె హాస్టళ్లలో ఉండి ఎమ్మెస్సీ దాకా చదివింది. మా ల్యాబుకు వచ్చిన మొదటి పరిశోధక విద్యార్థి ఆమే, నేనున్నంతకాలం చివరి విద్యార్థి కూడా ఆమే. పెద్దసారు ఆమె థీసిస్‌కు ఇచ్చిన అంశం గోడల అలసట. నేను పని నేర్పాను. సప్లై మీది కాగితం చూపించి, దీన్ని చూసి చెయ్యమన్నాను.

ఏడాదిన్నర అలాగే చేసింది. నేను తినే వేళకే తినేది. ఆమె గోడలు కూడా మధ్యాహ్నం తర్వాత చక్కగా కోలుకునేవి.

ఆ వేసవి ముందు, ఈస్టర్‌కు ముందుండే నలభై రోజుల ఉపవాసాలు మొదలయ్యాయి. సలోమి సాయంత్రం దాకా ఏమీ తినదు. నేను డబ్బా తీసుకుని స్టాఫ్ రూముకు పోతే, ఆమె ఆగకుండా కొలతలు తీస్తూనే ఉండేది. పదో రోజో, పదకొండో రోజో గ్రాఫులు తెచ్చి నా ముందు పరిచింది.

"సార్, మధ్యాహ్నం గోడలు కోలుకుంటలేవు."

"ఎప్పటి నుంచి?"

"ఉపవాసం పట్టినప్పటి సంది."

"నీ ఉపవాసానికి, గోడకు ఏం సంబంధం అమ్మా?"

"అదే నేనడుగుతున్న సార్. నేను తింటే అవి కోలుకుంటున్నయి. నేను తినకుంటే అవి గూడ పస్తుంటున్నయి."

ప్లాటినం, కోబాల్ట్ పొరలు వనపర్తిలో ఒక మనిషి అన్నం తిన్నదో లేదో కనిపెడుతున్నాయన్నమాట. అలాంటి పొరలు ప్రపంచంలో ఇంకెక్కడా తయారై ఉండవు. సలోమి లేచి వెళ్లి కాయిల్ మీద చెయ్యి పెట్టి, వెంటనే తీసేసింది.

"గింత గరముంటది. మీరెన్నడు సూడలేదా సార్?"

"చూశాను" అన్నాను.

ఆమె పాత రోజుల గది వేడి ఎంతుండేదో చూసుకుంటానని నా డైరీలు అడిగింది. ఇచ్చాను. అందులో గది వేడి ఒక్కటే ఉందా అని నేను ఆలోచించలేదు.

మహబూబ్ దుకాణంలో

ఆ శనివారం ఇద్దరం కాయిల్‌ను సంచిలో పెట్టుకుని గద్వాల బస్సెక్కాం. మహబూబ్ ఒక మోటారు విప్పుతున్నాడు. సలోమి విషయం చెప్పింది. ఆయన స్పానరు కింద పెట్టాడు.

"మోటరు గరమున్నప్పుడు వైండింగుకు మీటరు పెడితే రీడింగు ఎక్కువ సూపిస్తది. అందుకే సల్లారినంకనే సూస్తం. గిది ఎవలకు తెల్వదు?"

"మాకు తెల్వదు అన్నా" అంది సలోమి.

"గంత సదువుకున్నోల్లకు తెల్వకపోవుడేంది?"

"తెల్వకనే పేపరు గూడ రాసినం. గోడలు అలిసిపోతున్నయని."

మహబూబ్ నా వైపు చూశాడు. "పనిజేసి అలిసిపోయింది నా కాయిలు. పేరేమో గోడలకిచ్చిండ్రు. ఏం సార్ గిది?" అని, దుకాణంలో ఉన్న అమ్మీటరు తుడిచి ఆమె చేతికిచ్చాడు. "వాపస్ తెచ్చియ్యాలె. మీ కాలేజీల పెట్టి మర్చిపోయేరు."

ల్యాబుకు తెచ్చి అమ్మీటరు కలిపి చూశాం. వోల్టులు కదలలేదు. ఆంపియర్లు పొద్దున్నుంచి సాయంత్రానికి పదోవంతుకు పైగా పడిపోయాయి. మర్నాటి నుంచి సలోమి సప్లై పక్కనే కూర్చుని, ఆంపియరు తగ్గినప్పుడల్లా వోల్టులు పెంచే గుండీ కొంచెం కొంచెం తిప్పుతూ కరెంటు పడిపోకుండా పట్టుకుంది. వారం రోజులు అలాగే చేసింది. అలసట మాయమైంది. సాయంత్రం పూట గోడలు కొంచెం హుషారుగా కూడా నడిచాయి, ఎందుకంటే కాయిల్ వేడికి పొర కూడా కాస్త వెచ్చబడుతుంది. ఆమె పొర పక్కన థర్మామీటరు పెట్టి ఆ హుషారుకూ లెక్క తేల్చింది. మా ల్యాబులో జరిగిన నిఖార్సైన పని ఏదైనా ఉందంటే ఆ వారానిదే.

హైదరాబాదు గదిలో

ఇద్దరం పెద్దసారు దగ్గరికి పోయాం. ఆయన గ్రాఫులన్నీ తిప్పి చూశారు. నెమ్మదిగానే మాట్లాడారు.

"నువ్వు ఉపవాసాలు చేస్తున్నావట కదమ్మా. నీరసంలో మనిషికి ఇలాంటివే తోస్తాయి."

"నీరసం నాకు సార్. అమ్మీటరుకు లేదు" అంది సలోమి.

ఆయన గ్రాఫులు మూసేశారు. "నాలుగు నెలల్లో నీ ఫెలోషిప్ అయిపోతుంది. అలసట తీసేస్తే నీ థీసిస్‌లో ఏం మిగులుతుంది?"

"గోడలు ఎట్ల నడుస్తయో అది మిగుల్తది."

ఆయన నా వైపు తిరిగారు. "మీరేమంటారండీ?"

"ఇంకోసారి కొలిచి చూద్దాం సార్" అన్నాను.

మీరు ఈ వృత్తిలో ఈ మాట చాలాసార్లు వింటారు. చాలా బాధ్యతగా వినిపిస్తుంది. పదిసార్లలో తొమ్మిదిసార్లు దాన్ని నాలాంటి పిరికివాళ్లు వాడతారు. కొలవవలసినది ఇంకేమీ లేదని నాకు తెలుసు.

తిరుగు ప్రయాణంలో బస్సు జడ్చర్ల దాటేదాకా సలోమి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తర్వాత, "మీరు నా దిక్కు మాట్లాడతరనుకున్న సార్" అంది. నేను కండక్టరును ఏదో అడిగాను.

ఆమె ఆ అధ్యాయాన్ని తీసేసింది. ఏడాదిన్నర కొలతలు పక్కన పెట్టి, స్థిరమైన కరెంటుతో మొత్తం మళ్లీ మొదలుపెట్టింది. ఫెలోషిప్ ఆగిపోయింది. పొద్దున నాగర్‌కర్నూల్‌లో ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పి, మధ్యాహ్నం బస్సులో వనపర్తి వచ్చి, చీకటి పడకముందే చివరి కొలత తీసి వెళ్లేది. ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా పెద్దసారు ఆమె ఉత్తరాలకు ఒక్క ముక్కలో జవాబిచ్చేవారు: "చూశాను."

పదకొండు రోజులు

ఇంతలో వేరే దేశం నుంచి ఒక ల్యాబువాళ్లు మాకు రాశారు. మేము చెప్పిన పొరలే చేసి, మేము చెప్పినట్టే కొలిచామనీ, తమ గోడలు అలసిపోవడం లేదనీ, మా కాయిల్‌లో కరెంటు వివరాలు పంపమనీ మర్యాదగా అడిగారు. పెద్దసారుకు ఆ మర్యాద అర్థమైంది. పేపరును సవరిస్తూ పత్రికకు ఒక ఉత్తరం తయారుచేసి, రెండో రచయితనైన నా ఒప్పుదల కోసం పంపారు. నాకు ఇంకో రెండు నెలల్లో పదవీ విరమణ.

ఉత్తరంలో అసలు వాక్యం ఇది: కొలతలు తీసిన విద్యార్థి పవర్ సప్లైను సరిగా వాడనందువల్ల ఈ పొరపాటు జరిగింది.

సలోమి అప్పుడే నాగర్‌కర్నూల్‌లో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్ పోస్టుకు దరఖాస్తు పెట్టుకుంది. ఇంటర్వ్యూలో కూర్చునేవాళ్లలో ఇద్దరు పెద్దసారు శిష్యులు. ఉత్తరం అచ్చయితే మా ల్యాబు పేరు, విద్యార్థి అనే మాట పక్కపక్కన ఉంటాయి. ఆ ల్యాబులో విద్యార్థి అంటే ఎవరో వాళ్లు ఎవరినీ అడగనక్కర లేదు.

ఉత్తరం ఆమెకు చూపించాను. నిలబడే చదివింది.

"సార్, ఈ పేపరు వచ్చినప్పుడు నేను డిగ్రీల ఉన్న. డొమైన్ గోడ అంటే ఏందో గూడ తెల్వదు."

"నీ పేరు రాయలేదు కదమ్మా."

"ఇంకెవల పేరు రాయాలె సార్? ల్యాబుల ఇంకెవలున్నరు?"

ఆ తర్వాత పదకొండు రోజులు నేను చేసింది డైరీలో ఉంది. "ఉత్తరం గురించి ఆలోచించాలి" అని ఐదుసార్లు. "వీడ్కోలు సభ ఏర్పాట్లు" అని మూడుసార్లు. "బీపీ మాత్ర" అని రోజూ. ఎదిరిస్తే నాకు పోయేదేమీ లేదు. పెన్షన్ ఆగదు, నన్ను ఎక్కడికీ బదిలీ చేయలేరు. అయినా పదకొండు రోజులు పట్టింది. పోగొట్టుకునేది ఏమీ లేని వయసు వస్తే ధైర్యం దానంతటదే వస్తుందని నేను యౌవనంలో నమ్మేవాణ్ణి. మీరు నమ్మకండి.

పన్నెండో రోజు పెద్దసారుకు ఫోను చేసి, నేను ఒప్పుకోనని, నా ఉత్తరం నేనే పత్రికకు పంపుతానని చెప్పాను.

"ఈ వయసులో మీకెందుకండీ ఇది? హాయిగా రిటైర్ అవ్వండి" అన్నారు.

"విద్యార్థి అప్పుడు లేదు సార్. నేనున్నాను."

"అయితే మీ ఇష్టం. నా పేరు మాత్రం ఇందులోకి తేకండి." మొదటి రచయిత ఆయనే అన్న సంగతి ఆ క్షణంలో ఆయనకు గుర్తులేదు.

ఇక్కడే మిగతాది చెప్పేస్తాను. ఆ ఉద్యోగం సలోమికి వచ్చింది. మొదటి జాబితాలో రాలేదు, పైనున్న ఒకరు వేరేచోట చేరడంతో వచ్చింది. థీసిస్‌ను పరీక్షకులు ఒప్పుకున్నారు. అనుకున్నదానికంటే నలభై పేజీలు తక్కువ. వైవా రోజున పెద్దసారు వేదిక మీద మాట్లాడుతూ, అలసట విషయంలో తనకు మొదటి నుంచీ అనుమానం ఉండేదని చెప్పారు. చప్పట్లు కొట్టారు. సలోమి కృతజ్ఞతల పేజీలో మహబూబ్ పేరు ఉంది. నా పేరు కూడా ఉంది, పరికరాలు వాడటం నేర్పినందుకు.

ఉత్తరం

నా ఉత్తరం రెండు రోజుల్లో రాశాను. ఒకటిన్నర పేజీ. సప్లై మీటరు ఎప్పుడు మాడిపోయింది, పట్టిక ఎప్పుడు రాశాను, ఆంపియర్లు కొలవకుండా వోల్టుల మీద ఎందుకు ఆధారపడ్డాను, ముప్పావు గంట ఎక్కడి నుంచి వచ్చింది, అన్నీ వరుసగా పెట్టాను. కొలతలన్నీ నేనే తీశానని, అప్పట్లో ల్యాబులో విద్యార్థులెవరూ లేరని, తప్పును కనిపెట్టింది సలోమి అని ఆమె పూర్తి పేరుతో రాశాను. చదువుకుంటే తృప్తిగా అనిపించింది. నిజం చెప్పాలంటే, కొంచెం గర్వంగా కూడా.

పంపేముందు ఆమెకు చూపించాలని ల్యాబుకు తీసుకుపోయాను. పాఠాలు ముగించుకుని అప్పుడే బస్సు దిగి వచ్చింది. సంచి పక్కన పెట్టి, స్టూలు మీద కూర్చుని కంప్యూటరు తెర మీద ఉత్తరం చదివింది. ఆమె థాంక్స్ చెబుతుందేమో, ఏం బదులివ్వాలి అని నేను ఆలోచిస్తున్నాను.

చదవడం అయిపోయాక తెర మీద ఒక వాక్యం దగ్గర వేలు పెట్టింది. రెండో పేజీలో, కాయిల్ వేడెక్కుతున్న సంగతి తెలియనందువల్ల ఈ పొరపాటు జరిగిందని నేను రాసిన వాక్యం.

"గిది తీసెయ్యండి సార్."

"ఎందుకు?"

"మీకు తెల్సు కద. నేను మీ డైరీలు సదివిన. చెయ్యి ఆనలేదని నాలుగు తాన్ల రాసిండ్రు. ఫ్యాను గూడ పెట్టిండ్రు."

గొంతులో కోపం లేదు. కొలతల పుస్తకంలో ఒక అంకె తప్పు పడితే ఎలా చెబుతుందో అలాగే చెప్పింది. నేను కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను. ఆ ఒక్క వాక్యం ఉంటే నష్టమేమిటి అని అడగాలనిపించింది. అడగలేదు. ఆ వాక్యం కొట్టేశాను. దాని చోట ఏం రాయాలో తెలియక చాలాసేపు కూర్చున్నాను. ఆమె తొందరపెట్టలేదు, సాయమూ చేయలేదు. చివరికి, కాయిల్ వేడెక్కుతోందని ఆ కొలతలు తీసిన నెలలోనే నాకు తెలుసు, ఒకసారి చెప్పి ఊరుకున్నాను, అని రాశాను.

సలోమి మళ్లీ మొదటి నుంచి చివరిదాకా చదివింది.

"ఇప్పుడు పంపండి సార్" అంది.